గుడ్లు కొనడానికి ఆగిన ఇల్లు

ఆ రోజు మేం చూసిన ప్రతి క్యాంపు గేటుకీ ఒకటే పలక వేలాడుతోంది. ఖాళీ లేదు. ఒకచోట ఆ పలక కింద "దయచేసి అడగవద్దు" అని చేత్తో రాసి పెట్టారు. ఆ అక్షరాలు చూస్తేనే తెలిసిపోతోంది, రాసినావిడ పొద్దుట్నుంచీ ఎంతమందికి జవాబు చెప్పి విసిగిపోయిందో. మా ఆయన ఓరిన్ మాత్రం అన్నిచోట్లా దిగి అడిగాడు. అడగవద్దని రాసినచోట ఇంకాస్త మర్యాదగా అడిగాడు.

సెప్టెంబరు మొదటి సోమవారం సెలవు. దాని ముందు శనీ ఆదీ. ఈ మూడు రోజులూ దేశంలో చక్రాలున్న ప్రతి ఇల్లూ, మా ఇంటిబండితో సహా, రోడ్డు మీదే ఉంటుంది. యూటాలో ఎర్రకొండలు చూడ్డానికొచ్చేవాళ్ళు ఆర్నెల్ల ముందే కంప్యూటర్ల ముందు కాచుకుని కూర్చుని, చోట్లు ఇవ్వడం మొదలుపెట్టిన నిమిషంలోనే తన్నుకుపోతారు. మేం మిన్నెసోటా వాళ్ళం. ఆర్నెల్ల తర్వాత ఫలానా శనివారం ఫలానా చెట్టుకింద ఉంటామని అంత ధీమాగా చెప్పడం మాకు కొంచెం పొగరుగా అనిపిస్తుంది. అందుకే మాకు చెట్టు దొరకదు.

దొరక్కపోతే ఏం, ఇంకో వంద మైళ్ళు పోదాం అనుకునేవాళ్ళం ఒకప్పుడు. ఈ ఏడాది అలా అనుకోవడానికి లేదు. పొద్దు వాలితే ఓరిన్‌కి కళ్ళు కనపడవు.

ఈ మాట ఆయన నాతో అనలేదు. నేనూ ఆయనతో అనలేదు. ఏళ్ళ తరబడి కాపురం చేసినవాళ్ళు అన్నీ మాట్లాడుకుంటారని ఎవరన్నారో గాని, ఆ అన్నవాళ్ళకి పెళ్ళి అయి ఉండదు. ఓరిన్ బతుకంతా బడి బస్సు నడిపాడు. తెల్లవారకముందే, మంచు కురుస్తుంటే, వెనక పిల్లలు గోలగోలగా అరుస్తుంటే నడిపినవాడు. అటువంటి మనిషి "నాకు చీకట్లో కనపడ్డం లేదు" అనడమంటే వంటమనిషి తనకి ఉప్పు తెలియడం లేదని చెప్పుకోవడమే. అందుకని పొద్దు గూకే వేళకి "ఈ అద్దం ఒకటి, ఎంత తుడిచినా మురికే" అంటాడు. బండి పక్కకి ఆపి, దిగి, తుడుస్తాడు. మా బండి ముందు అద్దం ఉన్నంత శుభ్రంగా ఆపరేషన్ గదులు కూడా ఉండవు.

మే నెలలో ఒక రాత్రి కాన్సాస్‌లో మా బండి పోతుండగా ఒకరి ఇంటిముందు పోస్టుడబ్బా నేలకూలింది. గాలి, అన్నాడు ఓరిన్. ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. మేం రాత్రికి అక్కడే ఆగి, ఆ ఇంటివాళ్ళకి క్షమాపణలు చెప్పుకుని, పొద్దున కొత్త డబ్బా కొని పాతి వచ్చాం. గాలి తరఫున. అప్పట్నుంచీ వెలుగుండగానే ఎక్కడో అక్కడ ఆగిపోవడం మా ఇంటి ఆచారమైంది. వెలుగులో తింటే బాగా అరుగుతుందట.

నేను నడపచ్చు కదా అని మీరు అడగచ్చు. ఒకసారి మా చర్చి ముందున్న ఖాళీ స్థలంలో నేర్చుకోబోయాను. అక్కడి దీపస్తంభం ఇప్పటికీ వంగి నిలబడే ఉంది. ఇక ఆ సంగతి వదిలేయండి.

ఆఖరి క్యాంపు ఒక చెరువు ఒడ్డున ఉంది. అక్కడ చోట్లు చూసుకునే ఆవిడ నారింజరంగు చొక్కా వేసుకుని చిన్న బండిలో తిరుగుతోంది. ఆవిడ వెనకాలే రెండు చోట్లు ఖాళీగా, శుభ్రంగా, నీళ్ళ కొళాయితో సహా కనబడుతున్నాయి.

"ఆ రెండూ?" అన్నాను నేను.

"అవి బుక్ అయ్యాయి మేడమ్. వాళ్ళు రాలేదు."

"వస్తారా?"

"వచ్చినా రాకపోయినా రేపు మధ్యాహ్నం దాకా వాళ్ళవే. పోయిన వారం కూడా ఇలాగే. ఆ చోట్లో నాలుగు రోజులూ ఉడతలే ఉన్నాయి."

ఓరిన్ ఆవిడకి థాంక్స్ చెప్పాడు. ఉడతల గురించి కూడా ఒక మంచిమాట చెప్పాడు. ఇంతలో పక్క చోటునుంచి ఒక మనిషి గరిట చేత్తో పట్టుకునే వచ్చాడు. ట్రెంట్ అట పేరు, టెక్సాస్ అట ఊరు. వాళ్ళ చోటు రెండు బండ్లకి సరిపడా ఉంది.

"మా పక్కన పెట్టేసుకోండి సార్. ఈవిడకి అభ్యంతరం లేదు, అడిగా. మాంసం కూడా చాలా ఉంది."

నారింజ చొక్కా ఆవిడ తలూపింది. నా గుండె కుదుటపడింది. చోటు దొరికింది, వెలుగు ఇంకా బోలెడుంది.

"అయ్యో, ఎందుకండీ, మీకు ఇబ్బంది" అన్నాడు ఓరిన్.

ఇక్కడ మా ఊరి పద్ధతి చెప్పాలి. మా దగ్గర ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి వద్దనాలి. రెండోసారి "నిజంగా వద్దండీ" అనాలి. మూడోసారి "సరే, మీరంతగా అంటున్నారు కాబట్టి" అనాలి. మొదటిసారికే సరేనన్నవాణ్ణి మావాళ్ళు పెళ్ళిళ్ళకి పిలవరు. కాబట్టి ఓరిన్ వద్దన్నప్పుడు నేనేం కంగారుపడలేదు. రాత్రికి వాళ్ళకి నిమ్మకాయ కేకు ముక్కలు పట్టుకెళ్ళాలా, బంగాళాదుంపల వంటకం చేసి పట్టుకెళ్ళాలా అని ఆలోచిస్తున్నాను.

"ఓ, సరే మరి" అన్నాడు ట్రెంట్. "జాగ్రత్తగా వెళ్ళిరండి."

వెళ్ళిపోయాడు. అంతే. పొయ్యి దగ్గరికెళ్ళి మాంసం తిప్పుకుంటున్నాడు.

ఓరిన్ అక్కడే కాసేపు నిలబడ్డాడు, బస్సు రావాల్సినవాడు నిలబడ్డట్టు. చెరువు బాగుందన్నాడు. ట్రెంట్ కూడా బాగుందన్నాడు. ఇంకొంచెం నిలబడ్డాడు. అటువైపు నుంచి రెండో పిలుపు రాలేదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఒకటుంది, ఆడవాళ్ళం సగమే చెబుతాం. అక్కడ నాకు ఆ రెండో సగం కూడా గుర్తొచ్చింది.

"నువ్వే వెళ్ళి సరేనండీ అను" అన్నాను బండిలోకి ఎక్కాక.

"వద్దన్నాక మళ్ళీ ఎలా అంటాం, మార్లిస్."

"నోటితో."

"ఆయన ఊరికే మర్యాదకి అడిగుంటాడు."

"మర్యాదకి అడిగేవాడు గరిట కింద పెట్టి వస్తాడు. గరిటతో వచ్చాడంటే మనస్ఫూర్తిగానే వచ్చాడు."

ఓరిన్ బండి తిప్పాడు. ఎండ అప్పుడే పసుపు తిరుగుతోంది.

తర్వాతి ఊళ్ళో పెద్ద కొట్టు ఉంది. ఇలాంటి కొట్ల ముందు రాత్రికి బండి ఆపుకోనిస్తారని మాలాంటి వాళ్ళందరికీ తెలుసు. దానికీ మర్యాదలున్నాయి. లోపలికెళ్ళి మేనేజర్ని అడగాలి. ఓ మూలకి పెట్టుకోవాలి. కుర్చీలు బయట వెయ్యకూడదు, బండి పక్కన గుడ్డపందిరి పరచకూడదు, బండికి పక్కకి జరిగే గోడని బయటికి జరపకూడదు. అంటే ఇల్లు ఇల్లులా కనబడకూడదు. ఓరిన్ ఈ మర్యాదలన్నీ బైబిలు వాక్యాల్లా పాటిస్తాడు. ఆఖరిది, అడిగినందుకు ఏదో ఒకటి కొనాలి. ఆ లెక్కన ఈ ప్రయాణంలో మా బండి నిండా బంగాళాదుంపలు చేరాయి.

కొట్టు ముందు కొత్త పలక. రాత్రిపూట బండ్లు నిలపరాదు.

మేనేజరమ్మాయి నిజంగానే బాధపడింది. "ఊరి కౌన్సిల్ ఆర్డరండీ. మాది కాదు. పోయిన వేసవిలో ఒకాయన ఇక్కడ పిల్లల స్విమ్మింగ్ పూల్ పెట్టేశాడు, మా సామాన్ల తోపుడుబండ్ల స్టాండ్ పక్కన. మూడు రోజులు. బట్టలు ఆరేశారు, కోడిని కాల్చారు. ఆ పూల్‌లో కుక్క కూడా. మీలాంటి వాళ్ళు కాదు లెండి."

"మాకు పూల్ లేదు" అన్నాడు ఓరిన్.

"తెలుస్తూనే ఉంది సార్."

"కుక్క కూడా లేదు."

"సారీ సార్."

ఓరిన్ ఒక బస్తా బంగాళాదుంపలు కొన్నాడు.

"ఇవ్వలేదుగా, మళ్ళీ ఎందుకు కొన్నావ్?" అన్నాను.

"అడిగాంగా" అన్నాడు.

పెట్రోలు బంకులో లారీలు అప్పటికే ఒకదాని పక్కన ఒకటి బారులు తీరి ఉన్నాయి. వాళ్ళ చోట్లో మనం దూరకూడదు. వాళ్ళది పొట్టకూటి నిద్ర. అక్కడ ఓరిన్ దిగి అద్దం తుడిచాడు. మొదట సబ్బునీళ్ళతో, తర్వాత పొడిగుడ్డతో. ఆ తర్వాత చేతి అంచుతో కంటికి నీడ పట్టి పడమటికి చూశాడు. కొండ మీద సూర్యుడు ఇంకో బెత్తెడు ఉన్నాడు.

"ముందు ఆ గవర్నమెంటు నేల ఉంది. అక్కడ ఎవరూ ఏమనరు" అన్నాడు.

"అది మట్టిరోడ్డు. కొండ పక్కనుంచి పోతుంది."

"పోతే?"

"పోతే ఏముంది. పోతాం."

బండి కదిలింది. నేను సీటు బెల్టు పట్టుకుని కూర్చున్నాను. మేం వెతుకుతున్నది బండెడు జాగా. పదడుగులు వెడల్పు, కాస్త చదును. రెండు పక్కలా చూపు ఆనినంత దూరం నేలే ఉంది. అన్నిటికీ కంచెలున్నాయి, గేట్లున్నాయి, పలకలున్నాయి. ఎవరికీ పనికిరాని ఎర్రమట్టి, అయినా ఎవరిదో. ఓరిన్ స్టీరింగు మీదికి వంగడం మొదలుపెట్టాడు. అది మొదలైతే ఇంకో అరగంటలో అద్దం మురికవుతుంది.

అప్పుడు నాకు రోడ్డు పక్కన ఒక చెక్క మీద "గుడ్లు" అని కనబడింది. దాని వెనక తీసి ఉన్న గేటు, కంకర పరిచిన వాకిలి, మా బండి సుళువుగా తిరగ్గలిగినంత. వాకిలి చివర పసుపు రంగు వెలిసిపోయిన పాత బడి బస్సు ఒకటి చక్రాల్లేకుండా నేలమీద కూర్చుని ఉంది. దాని కిటికీల్లోంచి కోళ్ళు బయటికి చూస్తున్నాయి.

"ఆపు. గుడ్లు కావాలి" అన్నాను.

"మొన్ననే కొన్నాంగా."

"ఉన్నాయి. అయినా కావాలి."

ఎప్పుడైనా ఆడది ఉన్న వస్తువు మళ్ళీ కావాలందంటే గట్టిగా అడక్కూడదని ఓరిన్‌కి తెలుసు. ఆపాడు.

గుడ్లావిడ వాకిట్లోనే ఉంది. నా వయసే ఉంటుంది. కాళ్ళకి రబ్బరు బూట్లు, చేతిలో నీళ్ళ గొట్టం. మా బండిని చూడగానే మొహం గడియ వేసేసుకుంది.

"గుడ్లైతే ఇస్తాను. రాత్రికి ఉంటామని మాత్రం అడక్కండి. పోయిన నెల ఒకాయన అడిగితే సరేనన్నా. తెల్లారేసరికి వాళ్ళ పాయిఖానా టాంకు మా కాలవలో వొంపేసి పోయాడు. ఆ నీళ్ళు నా టమాటాలకి పోతాయి."

"మేం అడగలేదండీ" అన్నాడు ఓరిన్ వెంటనే. నిజంగా నొచ్చుకుని అన్నాడు, ఆ టాంకు వొంపినవాడి తరఫున.

"గుడ్లకే వచ్చాం" అన్నాను నేను.

ఆవిడ పేరు లరూ. గుడ్లు తేవడానికి బస్సులోకి ఎక్కింది. ఓరిన్ బస్సు వంక చూశాడు. నేను ఓరిన్ వంక చూశాను. రోడ్డు మీదనుంచి ఆ బస్సు కనబడగానే ఈ చూపు వస్తుందని లెక్క వేసుకునే ఆపమన్నాను. మనిషి రెండడుగులు దగ్గరికెళ్ళాడు. చెయ్యి రేకు మీద వేశాడు, గుర్రం మెడ నిమిరినట్టు.

"దీనికి ముందు తలుపు చేత్తో లాగేదే కదా? చేతికర్రలా పొడుగ్గా నిలబడే గేరు?"

"నాకేం తెలుసు. కోళ్ళు దాన్ని వాడవు" అంది లరూ.

"ఈ రకం నేను పదేళ్ళు నడిపాను. చలికాలం హీటరు ముందు సీటు దాటి వెనక్కి పోయేది కాదు. వెనక కూర్చున్న పిల్లలు మేజోళ్ళు చేతులకి తొడుక్కునేవాళ్ళు."

"మా కోళ్ళు కూడా వెనక సీట్లో పెట్టవు. అన్నీ ముందే" అంది ఆవిడ. మొహం గడియ కొంచెం సడలింది.

గుడ్లు చేతికొచ్చాయి. ఇక మేం బయల్దేరాలి. ఇప్పుడు నేను చేసింది మోసం అంటారో, పెంపకం అంటారో మీ ఇష్టం. మా మిన్నెసోటాలో "సరే మరి, వెళ్ళొస్తాం" అన్న తర్వాతే అసలు కబుర్లు మొదలవుతాయి. మొదట కూర్చున్నచోట అంటాం. తర్వాత గుమ్మంలో నిలబడి అంటాం. మెట్ల మీద ఒకసారి, బండి దగ్గర ఒకసారి. బండి అద్దం దించి మళ్ళీ ఒకసారి. అవతలివాళ్ళు మాట్లాడుతుండగా కదలడం మావాళ్ళ చేత కాదు, ఓరిన్ చేత అసలే కాదు. ఈయన మా అక్క ఇంటినుంచి బయల్దేరిన రోజుల్లో నేను మధ్యలో కూర కూడా వండాను.

"సరే మరి, వెళ్ళొస్తాం" అన్నాను కోళ్ళ దగ్గర. "ఈకలు రాలుతున్నాయే, ఈ కాలంలోనా?"

లరూ ఈకల సంగతి చెప్పింది. అది చిన్న సంగతి కాదు.

"సరే మరి" అన్నాను టమాటాల దగ్గర. టమాటాల దగ్గర కాలవ వచ్చింది, కాలవ దగ్గర టాంకు మనిషి మళ్ళీ వచ్చాడు, వాడి వెనకాల నీళ్ళ వంతు, నీళ్ళ వంతు తప్పించే పొరుగువాడు, ఆ పొరుగువాడి రెండో పెళ్ళాం. రెండో పెళ్ళాం దగ్గర నేను నిజంగానే ఆగిపోయాను, అంత బాగా చెప్పింది. ఓరిన్ టోపీ చేత్తో పట్టుకుని వింటున్నాడు. మధ్యమధ్య పడమటికి చూస్తున్నాడు. ఒకసారి నా మోచేయి ముట్టుకున్నాడు. నేను తెలియనట్టు ఉన్నాను.

కొండ అంచు ఎర్రబడింది. తర్వాత ఊదారంగయింది. కోళ్ళు ఒక్కొక్కటే బస్సెక్కాయి.

"పొద్దుపోయింది, మీరిక బయల్దేరండి" అంది లరూ తనే. గట్టి మనిషి. అన్ని కబుర్లు చెప్పి కూడా ఉండమన్న మాట నోట రానివ్వలేదు. నేను అది లెక్క వేసుకోలేదు.

ఓరిన్ టోపీ పెట్టుకుని బండెక్కాడు. నేనూ ఎక్కాను. ఇంజను వేశాడు, దీపాలు వేశాడు. దిగి అద్దం తుడిచి మళ్ళీ ఎక్కాడు. ఇప్పుడు ఆగుతాడు, ఇప్పుడు చెబుతాడు అనుకుంటున్నాను. బండి కదిలింది.

ఈయన చేత ఒక మాట చెప్పించాలని చీకటి దాకా లాగాను. మాట మింగేసి చీకట్లోకే పోతున్నాడు. కుడిపక్క కాలవ, ముందు రోడ్డు, దాని మీద లారీలు. నా తెలివితేటలకి లరూ టమాటాల్లో గోరీ కడతారు. "ఆగు" అందామని నోరు తెరిచాను. తెరిచి, మళ్ళీ మూశాను.

బండి నడక తగ్గింది. ఇంకా తగ్గింది. ఆగింది.

"మార్లిస్" అన్నాడు.

"ఊఁ."

"గేటు స్తంభం ఎటుంది?"

"నీ ఎదురుగానే. తెల్లది. ఇంకో గజం పోతే తగిలేది."

ఓరిన్ ఇంజను ఆపాడు. తాళం తీసి నా ఒళ్ళో పెట్టి, తలుపు పట్టుకుని మెల్లిగా దిగి, నడుచుకుంటూ లరూ దగ్గరికి వెళ్ళాడు. నేను వెనకాలే వెళ్ళాను.

"అమ్మా" అన్నాడు. "నాకు చీకట్లో కనపడదు. రోడ్డు మీదికి పోతే ఎవరినో ఒకరిని చంపుతాను. ఈ రాత్రికి ఇక్కడ ఆపుకోనిస్తారా?"

మావాళ్ళలో ఒక మగవాడు ఒక పరాయి మనిషిని ఏ డొంకతిరుగుడూ లేకుండా ఒక సాయం అడగడం నేను అదే మొదలు చూడ్డం.

లరూ గొట్టం కింద పెట్టింది. "ఎప్పట్నుంచి?"

"పోయిన చలికాలం నుంచి. ఎదుటి బండి దీపం చుట్టూ గుండ్రంగా వెలుగు కమ్ముకుంటుంది. అది పోయాక కాసేపు ఏమీ ఉండదు. కాన్సాస్‌లో ఒకరి పోస్టుడబ్బా పడగొట్టాను. ఆ పక్కనే పిల్లాడి సైకిలు ఉంది. సైకిలు నాకు పొద్దున గాని కనపడలేదు."

సైకిలు సంగతి నాకు తెలియదు. నేను ఆ పొద్దున బండిలో కాఫీ కాస్తున్నాను. ఇన్నాళ్ళూ నాకు చెప్పని మాట గుడ్లావిడకి చెప్పాడు. చెప్పాడు కదా అని సంతోషపడాలో, ఆవిడ గుడ్లు ఆవిడకి తిరిగిచ్చెయ్యాలో అర్థం కాలేదు.

"మా మేనత్తకీ ఇలాగే. కళ్ళలో శుక్లాలు. కోయించుకుంటే పోయాయి. చూపించుకున్నారా?" అంది లరూ.

"లేదు. చూపిస్తే బండి నడపొద్దంటారు."

"అంటారు."

లరూ వెళ్ళి కొళాయి కట్టేసి వచ్చింది.

"ఆ బస్సు పక్కన పెట్టుకోండి" అంది చివరికి. "ఆ టాంకు మూత మీద చెయ్యి వేశారంటే మాత్రం నేను మంచిదాన్ని కాను. పుంజు తెల్లారకముందే మొదలెడుతుంది. ఆపమంటే ఆపదు."

"మీకు ఇబ్బందేమో" అన్నాడు ఓరిన్. అలవాటు ఎక్కడికి పోతుంది.

"ఇబ్బందే. పెట్టుకోండి."

బండిని వెనక్కి పెట్టాలి. ఇంటిబండి ఉన్న ప్రతి మొగుడికీ పెళ్ళానికీ రోజుకొక యుద్ధం ఉంటుంది, అది బండి వెనక్కి పెట్టేటప్పుడే. నేను వెనక నిలబడి చేతులూపుతాను. నువ్వు ఊపేది ఎడమకా, కుడికా, ఈగల్ని తోలుకుంటున్నావా అంటాడు. నేను చూపించినచోట ఏనాడూ పెట్టలేదు. పెట్టాక దిగి వచ్చి, ఇక్కడ పెడితే సరిపోయేది అని నేను చూపించినచోటే చూపిస్తాడు. ఎన్ని క్యాంపుల్లో ఎంతమంది కుర్చీలు వేసుకుని మా తగువు చూశారో లెక్కలేదు.

లరూ ఒక లైటు ఇచ్చింది. నేను తాళం ఓరిన్ చేతికిచ్చి, వెనక బస్సు పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"ఎడమకి" అన్నాను.

ఎడమకి తిప్పాడు.

"ఇంకొంచెం. నిదానంగా. ఇప్పుడు నిటారుగా చెయ్యి."

నిటారుగా చేశాడు.

"రా. రా. రా."

వచ్చాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. ఎడమ అంటే ఏ ఎడమ అని అడగలేదు. అంత పెద్ద ఇల్లు, చంటిపిల్ల వేలు పట్టుకుని నడిచినట్టు, నేను లైటు చూపించిన వైపే వచ్చింది. కోళ్ళు నిద్రలో గొణిగాయి. వెనక చక్రం సరిగ్గా నేను అనుకున్న రాయి దగ్గర ఆగింది. మా కాపురంలో అంత తిన్నగా ఎప్పుడూ నిలపలేదు.

నాకది ఏమంత నచ్చలేదు.

"చాలా?" అని కిటికీలోంచి అడిగాడు.

నేను లైటు అటూ ఇటూ వేసి చూశాను. చాలు. చక్కగా చాలు. అయినా ఒక్క క్షణం ఆగాను, పోనీ ఇప్పుడైనా ఎప్పట్లా ఏదో ఒకటి అంటాడేమోనని.

"చాలు, ఓరిన్" అన్నాను.

దీపాలు ఆర్పేశాడు.